21 రోజుల ఉపవాసం పట్టాం, నాన్న దక్కలేదు. అమ్మకు ఏం చెప్పాలి?

కరకట్ట_అమ్మాయి

మాది విజయవాడ కృష్ణలంక. మార్చిలో నాన్నకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. అప్పటికే ముదిరిపోయింది. మేం వెళ్లే మందిరంలో 21 దినాల ఉపవాస ప్రార్థన పెడితే అమ్మా నేనూ పేర్లు ఇచ్చాం. పొద్దున లేచింది మొదలు సాయంత్రం ఆరు వరకు ఏమీ తినేవాళ్లం కాదు. ఆరింటికి ప్రార్థన అయ్యాక ఇంటికొచ్చి ఇంత అన్నం తినేవాళ్లం. అమ్మకు షుగర్ ఉంది. పదకొండో రోజు మధ్యాహ్నం ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు వణికిపోతుంటే నేనే భయపడి గ్లాసుడు రాగిజావ తాగించాను. పంతొమ్మిదో రోజు తెల్లవారుజామున నాన్న వెళ్లిపోయారు.

భూస్థాపన అయిన మూడో రోజు సంఘంలోని ఒక పెద్దాయన పలకరించడానికి వచ్చి, "మధ్యలో ఉపవాసం విరిచావు కదమ్మా, అక్కడే ఆగిపోయింది" అన్నాడు. ఆ మాట అని, టీ తాగి, ప్రార్థన చేసి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి అమ్మకు నిద్ర లేదు. రాత్రి రెండింటికి లేచి మోకాళ్ల మీద కూర్చుని "నా గ్లాసుడు జావ వల్లే" అంటోంది. ఇప్పుడు 40 రోజులు ఉపవాసం ఉండి దేవుణ్ణి క్షమాపణ అడుగుతుందట.

నేను విశ్వాసం వదిలేసిన మనిషిని కాదు. గొడవ పెట్టడానికీ రాయడం లేదు. అసలు ఉపవాసం దేనికి? అడిగింది ఇవ్వడానికి దేవుడు పెట్టిన షరతా? గ్లాసుడు జావతో ఆయన మనసు మారిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

తెనాలి_ప్యాసింజర్

ముందు ఆ పెద్దాయన మాట పక్కన పెట్టండమ్మా. బిడ్డగా మీరు చేయాల్సిందే చేశారు.

నైట్_డ్యూటీ

గుంటూరులో నర్సుగా చేస్తున్నాను. వాక్యం సంగతి పెద్దలు చెబుతారు, నేను షుగర్ సంగతి చెబుతాను. చెమటలు, వణుకు అంటే అమ్మగారికి షుగర్ పడిపోయింది. 70 కంటే తగ్గితే అలాగే ఉంటుంది. ఇంకా తగ్గితే మాట తడబడుతుంది, స్పృహ పోతుంది. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని కడుపు ఖాళీగా ఉంచితే జరిగేది ఇదే. మాత్ర దాని పని అది చేసేస్తుంది, లోపల తిండి ఉందా లేదా అని చూడదు. ఆ రోజు మీరు అమ్మ ప్రాణం కాపాడారు. నాన్నగారితో పాటు ఆమె కూడా పోయేది.

ఇంకోసారి అలా అయితే జావ కాయడానికి టైమ్ తీసుకోవద్దు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత మళ్లీ చెక్ చేయండి. స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. 40 రోజుల మాట డాక్టరును అడగకుండా ఎత్తనే వద్దు. ఆమె ఏ మాత్ర వేసుకుంటున్నారు?

కరకట్ట_అమ్మాయి

మీరు చెప్పిన మాత్రే. ఉపవాసం రోజుల్లో కూడా పొద్దున్నే వేసుకునేది. మాకెవరూ చెప్పలేదు.

ప్రార్థనే_నా_బలం

పటమట నుంచి రాస్తున్నాను. నీ బాధ అర్థమైంది తల్లీ. కానీ ఉపవాసాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఇక్కడ చేరకముందే నా సాక్ష్యం చెప్పాలి. మా అబ్బాయికి తొమ్మిదేళ్లప్పుడు డెంగ్యూ వచ్చి ప్లేట్‌లెట్లు 18 వేలకు పడిపోయాయి. డాక్టర్లు గ్యారంటీ ఇవ్వలేమన్నారు. మా సంఘమంతా మూడు రోజులు ఉపవాసం ఉంది, నేను నీళ్లు కూడా ముట్టలేదు. మూడో రోజు సాయంత్రం కౌంట్ లేచింది. ఇప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడు. ఉపవాసానికి శక్తి లేదని నాకెవరూ చెప్పలేరు. ఈ జాతి దయ్యం ప్రార్థన ఉపవాసాల వల్లనే గాని వదలదని ప్రభువే అన్నాడు కదా!

తెనాలి_ప్యాసింజర్

అక్కా, మీ అబ్బాయి బాగున్నందుకు నిజంగా సంతోషం. మా చెల్లి కూతురికి కూడా డెంగ్యూయే. ఆరేళ్ల పాప. మా ఇంట్లో కూడా మూడు రోజుల ఉపవాసమే. మా చెల్లి కూడా నీళ్లు ముట్టలేదు. పాప మూడో రోజు చనిపోయింది. మీరు మొక్కిన దేవుడికే మేమూ మొక్కాం. ఉపవాసం వల్లే మీ అబ్బాయి బతికాడని మీరు సాక్ష్యం చెప్పినప్పుడల్లా, వెనక బెంచీలో మా చెల్లి లాంటిది ఒకతి కూర్చుని ఉంటుంది. ఆమెకు ఏం వినబడుతుందో ఒక్కసారి ఆలోచించండి.

ప్రార్థనే_నా_బలం

నేను ఆ ఉద్దేశంతో అనలేదు.

తెనాలి_ప్యాసింజర్

తెలుసక్కా. ఉద్దేశం లేకుండానే తగిలే మాటలివి.

వేదాంత_విద్యార్థి

ఆ వచనం గురించి ఒక విషయం. మత్తయి 17:21 సైనాయ్, వాటికన్ అనే చేతిరాత బైబిల్ ప్రతుల్లో లేదు. ఇవి రెండూ నాలుగో శతాబ్దపువి, మనకు దొరికిన పాత ప్రతుల్లో ముఖ్యమైనవి. అదే సంఘటన మార్కు 9:29లో ఉంది. అక్కడ ఆ ప్రతుల్లో "ప్రార్థన" ఒక్కటే ఉంది, "ఉపవాసం" అన్న మాట లేదు. అందుకే చాలా అనువాదాలు దాన్ని పేజీ అడుగున గమనికలో వేస్తాయి. దీన్నిబట్టి ఉపవాసం వద్దని నేను అనడం లేదు. బైబిల్ నిండా ఉపవాసం ఉంది. కానీ ఉపవాసం ఒక మందు డోసు అన్నట్టు, ఇంత వేస్తే ఇంత పోతుంది అన్నట్టు ఈ ఒక్క వచనం మీద కట్టిన బోధ చాలా ఉంది. ఆ పునాది గట్టిది కాదు.

పాస్టర్‌గారి_అబ్బాయి

మా నాన్న ముప్ఫై ఏళ్లుగా శుక్రవారం ఉపవాస ప్రార్థన నడుపుతున్నారు. మీ ప్రశ్న ఆయనకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత దావీదు దగ్గరికి వెళ్లమన్నారు. రెండో సమూయేలు 12వ అధ్యాయం. బిడ్డ జబ్బుపడితే దావీదు నేల మీద పడి ఏడు రోజులు తినలేదు. ఇంటి పెద్దలు లేవమన్నా లేవలేదు. ఏడో రోజు బిడ్డ చనిపోయాడు. అప్పుడు దావీదు లేచి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని, మందిరానికి వెళ్లి మొక్కి, ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లకు అర్థం కాలేదు. బతికున్నప్పుడు ఏడ్చావు, పోయాక తింటున్నావేమిటి అన్నారు. "వాడిని నేను తిరిగి తీసుకురాగలనా? నేనే వాడి దగ్గరికి వెళ్తాను గాని వాడు నా దగ్గరికి రాడు" అన్నాడు.

ఏడు రోజుల్లో దావీదు ఏ గంటలో ఏం తిన్నాడని అక్కడ ఎవరూ లెక్క తీయలేదు. ఉపవాసంలో లోపం వల్ల బిడ్డ పోయాడని ఎక్కడా లేదు. చివరికి ఆ రాజే లేచి అన్నం తిన్నాడు. "అమ్మగారిని ముందు కడుపునిండా తినమను. తర్వాత నేనే వచ్చి మాట్లాడతాను" అని నాన్న అన్నారు. మీకు అభ్యంతరం లేకపోతే అమ్మనూ నాన్ననూ కలిపి పంపుతాను.

లూథరన్_మనవడు

బ్రాడీపేట. మాది నాలుగు తరాల లూథరన్ ఇల్లు. 1842లో మిషనరీ హైయర్ దొరగారు గుంటూరు వచ్చాక మొదలైన సంఘం కథలు వింటూ పెరిగాం. మా మామ్మ సంస్కారం (ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసం) తీసుకునే ఆదివారం కాఫీ కూడా తాగేది కాదు. అందరి ఇళ్లలో ఇడ్లీ ఆవిరి వస్తుంటే ఆమె బైబిల్ పట్టుకుని వీధరుగు మీద కూర్చునేది. నేను పదేళ్లప్పుడు అడిగాను, "తింటే సంస్కారం ఇవ్వరా మామ్మా?" అని. "ఇస్తారు. ఆకలేసినప్పుడు ఎవరి కోసం కూర్చున్నానో గుర్తుంటుందని" అంది.

లూథరు చిన్న ప్రశ్నోత్తరిలో కూడా ఇదే ఉంది. ఉపవాసం మంచి బాహ్య క్రమశిక్షణే, కానీ "మీ కొరకు" అన్న మాటను నమ్మినవాడే సంస్కారానికి నిజంగా సిద్ధపడినవాడు అంటాడు. సండే స్కూల్లో బట్టీ పట్టిన మాట. దాని బరువు మామ్మ పోయాక తెలిసింది.

కరకట్ట_అమ్మాయి గారూ, జావకూ నాన్నగారికీ ముడిపెట్టిన మాట మా మామ్మ వినుంటే ఆ పెద్దాయనకు ఆ టీ కూడా దక్కేది కాదు.

మిర్చి_ఘాటు

ఉపవాసం ఎలా తప్పిపోతుందో నేను కళ్లారా చూశాను. గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి దగ్గర లెక్కలు రాసేవాణ్ణి. ఆయన ప్రతి శుక్రవారం ఉపవాసం. మధ్యాహ్నం ప్రార్థనకు తప్పకుండా వెళ్లేవాడు. అదే శుక్రవారం తొడిమలు తీసే ఆడవాళ్లకు కూలి ఇవ్వాల్సిన రోజు. "అయ్యగారు ప్రార్థనలో ఉన్నారు, సోమవారం రండి" అని నాతో చెప్పించేవాడు. ఆ ఆడవాళ్లు పొద్దుట్నుంచి ఘాటులో కూర్చుని, కళ్లు మండుతూ, పిల్లలకు పాలు కొనే డబ్బు లేకుండా వెళ్లిపోయేవాళ్లు. ఆయన ఇష్టపడి పస్తు ఉన్నాడు, ఆయన పస్తు పేరుతో వాళ్లు పస్తు ఉన్నారు.

యెషయా 58 ఇంటి దగ్గర చదువుకుంటూ ఆగిపోయాను. ఉపవాస దినాన మీ పనివాళ్ల చేత కఠినమైన పని చేయిస్తారు అని అక్కడ ఉంది. కాడి విరగ్గొట్టడం, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం, రక్త సంబంధికి ముఖం తప్పించకపోవడం, ఇదీ నేను కోరుకున్న ఉపవాసం అంటాడు. ఆ పేజీ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన చదివి తల దించుకున్నాడు. ఆ వారం నుంచి కూలి గురువారమే ఇచ్చేవాడు. ఆయన మారాడు కాబట్టే ఇది చెబుతున్నాను.

వంటింటి_సాక్షి

మిర్చి_ఘాటు గారు చెప్పింది చదివి మా మందిరం గుర్తొచ్చింది. ఉపవాస కూడిక ముగిసేసరికి రెండొందల మందికి భోజనం. వండేది మేం పదిమంది ఆడవాళ్లం. మేమూ ఉపవాసమే. కట్టెల పొయ్యి దగ్గర నాలుగు గంటలు నిలబడి, ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసుకోలేక, వాసన పీల్చి చెప్పాలి. లోపల వాక్యం చెబుతుంటే మాకు వినబడేది గిన్నెల చప్పుడే. నేను మా పాస్టరమ్మ గారితో అన్నాను, "అమ్మగారూ, ఉపవాసం విడవడానికి పప్పూ పచ్చడీ చాలదా? మాక్కూడా ప్రార్థన చేసుకోవాలని ఉంది." ఇప్పుడు మజ్జిగ, అటుకులు, అరటిపండు. మేం కూడా లోపల కూర్చుంటున్నాం.

మిర్చి_ఘాటు

వాసన పీల్చి ఉప్పు చెప్పేవాళ్లు మా యార్డులో కూడా లేరు అక్కా. మీకు దండం.

గుణదల_గంట

మేం కతోలికులం. మా దగ్గర ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఈ రెండు రోజులే ఉపవాసం విధిగా ఉండాలి. అది కూడా 18 నిండినవాళ్ల నుంచి 59 నిండేవరకే. ఒక పూట పూర్తి భోజనం, మిగతా రెండు పూటలా కొంచెం. ఆ రెండూ కలిపినా ఒక భోజనం కాకూడదు. జబ్బు ఉన్నవాళ్లకు మినహాయింపు. విభూది బుధవారం నుంచి ఈస్టరు ముందు రోజు దాకా లెక్కేస్తే 46 రోజులొస్తాయి, ఆదివారాలు ఆరు తీసేస్తే 40. ఎందుకంటే ఆదివారం పునరుత్థాన దినం, ఆ రోజు ఉపవాసం కాదు. ఆకలికి కూడా ఒక హద్దు పెట్టారు పెద్దలు. 40 రోజులూ ఏకబిగిన ఉండాలన్నది అమ్మగారి మీద ఎవరు మోపుతున్నారో తెలియదు, కానీ రెండు వేల ఏళ్ల సంఘం షుగర్ ఉన్న తల్లి మీద అలాంటి భారం మోపదు.

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత కొండ ఎక్కేవాళ్లలో సగం మంది మొక్కు కోసమే వస్తారు. నేనూ అలాగే ఎక్కినవాణ్ణే. అడగడం తప్పు కాదు. అడిగింది రాకపోతే ఎవరో ఒకరి మీద తప్పు వేయడమే తప్పు.

వేదాంత_విద్యార్థి

21 దినాలు ఎక్కడి నుంచి వచ్చాయో అమ్మగారికి చెప్పండి. దానియేలు 10వ అధ్యాయం. మూడు వారాలు దుఃఖంలో ఉన్నాడు. అక్కడ ఆయన మానేసింది రుచికరమైన భోజనం, మాంసం, ద్రాక్షారసం. పూర్తిగా పస్తు ఉన్నాడని లేదు. మీ అమ్మగారి రాగిజావ దానియేలు ఉపవాసంలో కూడా చెల్లేది.

ఇంకా ముఖ్యమైనది 12వ వచనం. మూడు వారాల తర్వాత వచ్చిన దూత ఏమన్నాడంటే, నువ్వు మనసు పెట్టిన మొదటి రోజు నుంచే నీ మాటలు వినబడ్డాయి అన్నాడు. మొదటి రోజు. ఇరవై ఒకటో రోజున కాదు. పదకొండో రోజు జావకు వినబడిన ప్రార్థన వెనక్కి పోతుందా?

కరకట్ట_అమ్మాయి

ఈ మాట ఇప్పుడే అమ్మకు చదివి వినిపించాను. "మొదటి రోజు నుంచేనా?" అని రెండుసార్లు అడిగింది. బైబిల్ తెచ్చి తనే వేలు పెట్టి చదువుకుంది. తర్వాత రాస్తాను.

ప్రార్థనే_నా_బలం

నాకు ఇంకా ఒక చిక్కు ఉంది. ఉపవాసం వల్ల ఏమీ మారదంటే ఎస్తేరు రాణి తన జనాన్ని కాపాడమని రాజును అడగబోయే ముందు మూడు రోజులు ఎందుకు ఉండమంది? నీనెవె పట్టణానికి నాశనం ఎందుకు తప్పింది? ఎజ్రా 8లో ఉపవాసం ఉండి వేడుకున్నాం, ఆయన మా మనవి విన్నాడు అని స్పష్టంగా ఉంది. ఇవన్నీ తీసేస్తారా?

పాస్టర్‌గారి_అబ్బాయి

తీసేయం అక్కా. కానీ ఎస్తేరు ఆ మూడు రోజుల మాట చెబుతూ ఏమందో చూడండి. నేను రాజు దగ్గరికి వెళ్తాను, నశిస్తే నశిస్తాను అంది. గెలుస్తానని అనలేదు. బతకడానికి గ్యారంటీ కోసం ఆమె ఉపవాసం కోరలేదు. చావుకు ఎదురెళ్లే ధైర్యం కావాలి, అందరూ తోడుండండి అంది. అపొస్తలుల కార్యాలు 13లో అంతియొకయ సంఘం ఉపవాసం ఉంటే దొరికిందేమిటి? బర్నబాను, సౌలును పంపించమన్న పిలుపు. సంఘం తమలోని మంచి బోధకులు ఇద్దర్ని వదులుకోవాల్సి వచ్చింది. ఉపవాసం ఉంటే చేతిలోకి ఏదో వస్తుందనుకుంటాం, అక్కడ చేతిలో ఉన్నది పోయింది.

లూథరన్_మనవడు

బైబిల్లో తప్పుడు ఉపవాసాలు కూడా ఉన్నాయి, వాటి గురించి ఎవరూ ప్రసంగించరు. నాబోతు అనే ఆయన తోట కొట్టేయడానికి యెజెబెలు రాణి ఊరంతా ఉపవాస దినం చాటించింది (మొదటి రాజులు 21). పౌలును చంపేదాకా అన్నపానాలు ముట్టమని నలభై మందికి పైగా ఒట్టు పెట్టుకున్నారు (అపొ. 23). ఆ నలభై మంది కూడా ఆకలితోనే ఉన్నారు. పస్తు దానంతటదే పవిత్రం కాదు.

నాకు ఇంకో పోలిక తోస్తుంది. మన ఆంధ్రులకు నిరాహారదీక్ష అంటే ఏమిటో బాగా తెలుసు. 1952 అక్టోబరు 19న మొదలుపెట్టి 58 రోజులకు, డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచారు. ప్రభుత్వం దిగి రావాలంటే దీక్ష ఒక దారి, ఎందుకంటే ప్రభుత్వానికి ఇవ్వడం ఇష్టం లేదు. దేవుడి దగ్గర అలా కూర్చుంటున్నామా మనం? ఇవ్వడం ఇష్టం లేని దేవుణ్ణి వంచడానికి? తండ్రి గుమ్మం ముందు దీక్షా శిబిరం వేసుకునే బిడ్డ ఉంటుందా? అన్నం మానేసి తండ్రి పక్కన కూర్చోవడం వేరు, తండ్రి మీద కోపంతో అన్నం మానేయడం వేరు. బయటికి రెండూ ఒకలాగే కనబడతాయి.

ప్రార్థనే_నా_బలం

ఇది ఆలోచించాల్సిన మాటే. నేను ఆ మూడు రోజులు నిజంగా దేవుడితో బేరం ఆడాను. "ఇస్తేనే లేస్తాను" అన్నాను. ఆయన ఇచ్చాడు. కానీ నా పట్టుదలకు లొంగి ఇచ్చాడా, ఇవ్వాలనుకుని ఇచ్చాడా, నాకు తెలియదు.

పొన్నూరు_రోడ్డు

నేను ముస్లింని, పక్కింటివాణ్ణిగా ఒక్క మాట. మా రంజాన్‌లో జబ్బుపడినవాళ్లకు, ప్రయాణంలో ఉన్నవాళ్లకు రోజా మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది. మా నాన్నకు షుగర్. రోజా వదిలి, రోజుకొక పేదవాడికి భోజనం పెడతారు. మొదటి ఏడాది చాలా ఏడ్చారు. ఇప్పుడు ఆ భోజనం తీసుకెళ్లడానికి ఆయనే ముందు తయారవుతారు. అమ్మగారికి ఆరోగ్యం కలగాలి.

సింగ్‌నగర్_మూడో_లైను

పొన్నూరు_రోడ్డు భాయ్ చెప్పింది మా తొలినాటి క్రైస్తవుల్లో కూడా ఉంది. రెండో శతాబ్దపు హెర్మాస్ కాపరి అనే పుస్తకంలో ఉపవాసం ఎలా ఉండాలో రాశారు. రొట్టె, నీళ్లతో ఉండు, ఆ రోజు నువ్వు తినేదానికి ఎంత ఖర్చయ్యేదో లెక్క కట్టు, ఆ డబ్బు విధవరాలికో, అనాథకో, లేనివాడికో ఇవ్వు. వింటే చిన్న మాటే. చేసి చూస్తే జీవితం మారుతుంది. చెబుతాను.

మా చిన్న సంఘం, అరవై కుటుంబాలు. 2022 నుంచి నెలకొక శుక్రవారం పగలు తినం. ఆ పూట ఖర్చు ఒక డబ్బాలో వేస్తాం. ఒకాయన ఆటో నడుపుతాడు, నలభై రూపాయలు వేసేవాడు. ఒకావిడ గుప్పెడు బియ్యం తెచ్చేది. కానుక కాదు, దశమభాగం కాదు, పాస్టరు గారు ముట్టుకోరు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వచ్చి మా సింగ్‌నగర్ మునిగింది. మా మందిరం కూడా మునిగింది. మేడ మీద ఉన్నవాళ్లం మూడు రోజులు తినడానికి లేక కూర్చున్నాం. అప్పుడు ఎవరికీ ఇష్టమైన ఉపవాసం కాదది. నీళ్లు కాస్త తగ్గగానే ఆ డబ్బా తీశాం. ఆ డబ్బుతో పెరుగన్నం, పాల ప్యాకెట్లు, పిల్లలకు బిస్కెట్లు కొని పీకల్లోతు నీళ్లలో తీసుకెళ్లి ఇచ్చాం. క్రైస్తవులు ఎవరు, కానివాళ్లు ఎవరు అని అడగలేదు. ఆ ఆటో ఆయన ఇల్లు కూడా పోయింది, అయినా ముందు ఆయనే దిగాడు. "రెండేళ్లుగా దాచిన ఆకలి కదయ్యా" అన్నాడు.

ఆ రోజు నుంచి ఉపవాసం దేనికి అని నన్నెవరూ ఒప్పించక్కర్లేదు.

వంటింటి_సాక్షి

చదివి ఏడ్చాను.

తెనాలి_ప్యాసింజర్

మా దగ్గర ఒక అన్న రోజూ స్టేటస్ పెడతాడు. "14వ దినం, ప్రభువు బలపరుస్తున్నాడు" అని, కింద మొహం పాలిపోయిన ఫోటో. తల అంటుకుని ముఖం కడుక్కో, ఎవరికీ తెలియనివ్వకు అని ప్రభువు అన్నది ఆయన బైబిల్లో లేదా?

గుణదల_గంట

అందరికీ తెలిసే ఉపవాసం కూడా బైబిల్లో ఉంది తమ్ముడూ. యోవేలు కొమ్ము ఊదించి పసిపిల్లల్ని కూడా రమ్మన్నాడు. నీనెవెలో రాజే చాటించాడు. మొత్తం ఊరు కలిసి చేస్తే దాచేది ఏముంది? ఒక్కడే చేస్తూ అందరికీ చూపిస్తే తేడా. ఆ అన్నకు స్టేటస్‌కు జవాబుగా కాకుండా, ఇంటికెళ్లి మెల్లగా చెప్పు.

తెనాలి_ప్యాసింజర్

సరే. వెళ్తాను.

కరకట్ట_అమ్మాయి

రెండు రోజులు రాయలేకపోయాను. పాస్టర్‌గారి_అబ్బాయి నాన్నగారు, వాళ్లమ్మగారు ఇంటికి వచ్చారు. బోధ ఏమీ చేయలేదు. క్యారేజీలో అన్నం, దోసకాయ పప్పు తెచ్చి అమ్మ పక్కన కూర్చుని తిన్నారు. అమ్మ తింది.

తర్వాత అమ్మ ఆయన్ని అడిగింది, "మరి ఆ పంతొమ్మిది రోజులు వృథానా అయ్యగారూ?" అని. ఆయన కీర్తన 35 తీసి 13వ వచనం చూపించారు. వాళ్లు జబ్బుపడినప్పుడు నేను గోనెపట్ట కట్టుకున్నాను, ఉపవాసంతో ప్రాణాన్ని ఆయాసపరచుకున్నాను, నా ప్రార్థన నా యెదలోకే తిరిగి వచ్చింది అని ఉంది. "తిరిగి వచ్చిందంటే పోలేదమ్మా, నీ దగ్గరే ఉంది" అన్నారు. అమ్మ చాలాసేపటికి ఒక మాట చెప్పింది, నాకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజుల్లో మధ్యాహ్నం వంట లేదు కాబట్టి నాన్న మంచం పక్కనే కూర్చునేదట. పెళ్లయిన ముప్ఫై రెండేళ్లలో మధ్యాహ్నం పూట ఆయన పక్కన ఊరికే కూర్చున్నది అప్పుడేనట. పదిహేడో రోజు నాన్న "నువ్వు తిన్నావా?" అని అడిగితే "నీ కోసం మానేశాను" అంటే, చెయ్యి పట్టుకుని నవ్వారట.

లూథరన్_మనవడు

ఈ మాట చెప్పినందుకు అమ్మగారికి నా కృతజ్ఞతలు. లూకా 2లో అన్న అనే ప్రవక్త్రి ఉంది. ఏడేళ్ల కాపురం తర్వాత భర్త పోయాడు. మందిరం వదలకుండా ఉపవాస ప్రార్థనలతో రాత్రింబగళ్లు సేవ చేసిందని రాశారు. భర్త తిరిగి రాలేదు. కానీ చంటిబిడ్డ యేసును గుర్తుపట్టిన కళ్లలో ఆమెవి కూడా ఉన్నాయి.

ప్రార్థనే_నా_బలం

తల్లీ, ఒక సంగతి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కింద మా సంఘంలో ఒకావిడ భర్త పోతే నేను కూడా అలాంటి మాటే అన్నాను. "ఇంకొంచెం పట్టుదలగా ఉండాల్సింది సిస్టర్" అన్నాను. అప్పుడు ఆమె ఏమీ అనలేదు. నిన్న ఆమె ఇంటికి వెళ్లాను. మొదట గుర్తులేనట్టు మాట్లాడింది, తర్వాత ఇద్దరం ఏడ్చాం. దేవుడు ఉపవాస ప్రార్థనకు జవాబిస్తాడని నేను ఇప్పటికీ నమ్ముతాను, చచ్చేదాకా నమ్ముతాను. కానీ ఏ జవాబు ఎందుకు వచ్చిందో నేను చెప్పను ఇక.

తెనాలి_ప్యాసింజర్

అక్కా, మా చెల్లికి మీ పోస్టు చూపిస్తాను.

కరకట్ట_అమ్మాయి

ఇవాళ శుక్రవారం. 40 రోజుల మాట అమ్మ మానేసింది. మందిరానికి మాత్రం వెళ్తానంది, వెళ్లింది. డాక్టరు గారు ఏ పూటా మానొద్దు అన్నారు కాబట్టి పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం రెండు పుల్కాలు. అన్నం, కూర, ఆదివారం మాంసం వదిలేస్తానంది, ఆ బియ్యం డబ్బాలో పోస్తోంది. ప్రార్థన అయ్యాక ఆ పెద్దాయన కనబడితే అమ్మే దగ్గరికెళ్లి, "మీ ఇంట్లో అందరూ బాగున్నారా అయ్యా?" అని పలకరించింది. నేనైతే పలకరించేదాన్ని కాదు. సాయంత్రం పెద్దాసుపత్రి బయట రోగుల వాళ్లు కూర్చునే చోటుకు పెరుగన్నం ప్యాకెట్లు తీసుకెళ్తున్నాం, పదిహేను అయ్యాయి.

నైట్_డ్యూటీ

మంచి పని. మాత్ర ఎప్పుడు వేశారు?

కరకట్ట_అమ్మాయి

ఎనిమిదింటికి, ఇడ్లీతో. షుగర్ 128 ఉంది. బ్యాగులో పంచదార పొట్లం కూడా పెట్టాను.